డికాక్షన్ దిగేలోపు

రాత్రి ఎనిమిదయ్యేసరికి నా చెయ్యి ఫోన్ కోసం వెతుక్కునేది. అమ్మకి ఫోన్ చేసే వేళ అది. ఇంట్లోకి సెల్‌ఫోన్ వచ్చినప్పటి నుంచీ, ఇంచుమించు ఇరవై ఏళ్ళు, ఆ వేళ తప్పలేదు. పెద్ద కబుర్లేం ఉండేవి కావు. "ఏం కూర చేశావే?" "దొండకాయ వేపుడు." "పిల్ల తిన్నదా?" "తిన్నది." "సరే, పొద్దుపోయింది, పడుకో." రెండు నిమిషాలు. 2022 కార్తీకమాసంలో అమ్మ నిద్రలోనే పోయింది. ఆ తర్వాత చాలా నెలలు ఎనిమిదింటికి ఫోన్ తీసుకోవడం, అమ్మ నంబరు దాకా వెళ్ళడం, మళ్ళీ పక్కన పెట్టెయ్యడం.

నేను రాజమండ్రిలో ఉంటాను. ఊరికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. మనసు బాగోలేనప్పుడు నేను ఏం చేశాను, ఏవి పనికొచ్చాయి, ఏవి రాలేదు అన్నది ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో నాకు దొరికిన సలహాలన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చెయ్యగలిగేవి. మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషికి సరిపోయే సలహా చాలా ఆలస్యంగా దొరికింది.

అమ్మ పోయిన కొత్తలో ఏడవడానికి కూడా తీరిక లేదు. కర్మకాండ అయింది, వెంటనే స్కూలు, సిలబస్, పరీక్షలు, ఇంట్లో అత్తయ్య మోకాళ్ళ నొప్పులు, మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. అలా నడిచిపోయింది. అందరూ "గట్టిగా నిలబడ్డావమ్మా" అన్నారు. 2023 ఆగస్టులో మా అమ్మాయి ఇంజినీరింగ్‌కి విశాఖపట్నం వెళ్ళి హాస్టల్లో చేరింది. దాన్ని దింపి రైల్లో తిరిగొస్తుంటే ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడమే మొదటి గుర్తని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. పొయ్యి మీద పాలు పెట్టి ఎదురుగా నిలబడి ఉండగానే పొంగిపోయేవి. యూనిట్ టెస్ట్ పేపర్లు సంచిలో ఇంటికి రావడం, మళ్ళీ దిద్దకుండానే స్కూలుకి వెళ్ళడం. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు బోర్డు మీద మైనస్ గుర్తు మర్చిపోతే వాడి మీద అరిచిన అరుపుకి క్లాసంతా బిగుసుకుపోయింది. వాడు తల దించుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పిల్లల మీద అలా అరవలేదు నేను. ఆ పిల్లవాడి మొహం ఇప్పటికీ గుర్తుంది.

మొదట నాకు తోచినవి నేను చేశాను. ఫోన్లో ధ్యానం యాప్ వేసుకుని రోజూ ఇరవై నిమిషాలు కూర్చుందామనుకున్నాను. కళ్ళు మూసుకుంటే అమ్మ చివరిసారి పడుకున్న మంచమే కనపడేది. మూడో రోజుకి మానేశాను. తెల్లవారి అయిదింటికి గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టాను. రోజుకి పదివేల అడుగులు అని అందరూ అనే మాట పట్టుకుని, చేతికి బ్యాండ్ కూడా కొనుక్కున్నాను. వారంలో రెండు రోజులు వెళ్ళేదాన్ని, అయిదు రోజులు పడుకునే ఉండేదాన్ని. ఆ అయిదు రోజులూ "ఇది కూడా నీ వల్ల కాలేదు" అని నన్ను నేను తిట్టుకోవడమే. పదివేలు అన్న అంకె ఎక్కడిదో చాలా తర్వాత తెలిసింది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మింది, అంకె అక్కడి నుంచి పాకింది. డాక్టర్లు పరీక్షలు చేసి తేల్చిన హద్దేమీ కాదు. ఆ సంగతి అప్పుడే తెలిస్తే నా మీద నాకు కొంచెం దయ ఉండేదేమో.

సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి, ఒంటిగంట దాటాక, హాల్లో నేల మీద కూర్చుని 14416కి ఫోన్ చేశాను. స్కూల్లో నోటీసు బోర్డు మీద ఎప్పుడో అంటించిన కాగితంలో చూసిన నంబరు అది. టెలీ మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. అవతల ఒక అమ్మాయి గొంతు. "చెప్పండి మేడం, నేను వింటున్నాను" అంది. నేను ఏడెనిమిది నిమిషాలు ఏడ్చాను, ఆ అమ్మాయి ఫోన్ పెట్టలేదు. చివర్లో "డాక్టరుగారిని ఒకసారి కలవండి మేడం, ఒంటరిగా మొయ్యకండి" అంది. పొద్దున్న మావారికి చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అత్తయ్య మాత్రం "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారమ్మా" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. వాళ్ళ కాలంలో ఈ డాక్టరు దగ్గరికి వెళ్ళడం అంటే వేరే అర్థం.

మానసిక వైద్యురాలు ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఇవి మిమ్మల్ని ఎన్ని రోజులు బాధపెట్టాయి అని. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, మీ మీద మీకు చులకన, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం ఇరవై ఏడు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని. నేను 'కొన్ని రోజులు' దగ్గర టిక్ పెట్టాను. ఆ టిక్ పెట్టేటప్పుడు పెన్ను ఆగింది. డాక్టరుగారు ఆ ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగారు. సూటిగా, మెల్లగా అడిగారు, ఎప్పుడు అనిపిస్తుంది, ఏదైనా చేద్దామనుకున్నారా, ఇంట్లో ఎవరికైనా చెప్పారా అని. అలా అడిగితే ఆలోచన పెరుగుతుందని చాలామంది భయపడతారు. నాకైతే ఛాతీ మీద నుంచి ఒక బండ తీసినట్టయింది. ఇది చదివేవాళ్ళలో ఆ తొమ్మిదో ప్రశ్నకి 'అవును' అనేవాళ్ళుంటే, నేను కింద రాసేవన్నీ తర్వాత చదవండి. ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ నంబరుకి చెయ్యండి.

నా మార్కులు పదహారు వచ్చాయి. ఓ మోస్తరు కంటే ఎక్కువ డిప్రెషన్ అన్నారు. థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు, ఎందుకంటే వాటిల్లో తేడా వచ్చినా ఇలాగే ఉంటుందట. థైరాయిడ్ బాగానే ఉంది, బి12 తక్కువుంది. డిప్రెషన్‌కి ఒక మాత్ర రాశారు. దాని పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆలోపు విసుగొచ్చి మానెయ్యకండి అన్నారు. అంతా అయ్యాక ఒక ప్రశ్న అడిగారు. "ఇదివరకు రోజూ చేస్తూ, ఇప్పుడు మానేసిన చిన్న పనులు ఏమున్నాయి?"

పాటలు వినడం, ఆదివారం పుష్కరాల రేవు దాకా వెళ్ళడం, చెల్లెలితో మాట్లాడటం, ముగ్గు వెయ్యడం. చెబుతూ ఉంటే జాబితా పెరిగిపోయింది. "మనసు కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెడదామని ఊరుకున్నానండీ" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. డిప్రెషన్‌లో ఆ వరస తిరగబడుతుందట. మనసు బాగోదు కాబట్టి పనులు మానేస్తాం, పనులు మానేశాం కాబట్టి సంతోషం వచ్చే దారులు మూసుకుపోతాయి, దాంతో మనసు ఇంకా కుంగుతుంది. కాబట్టి పనితోనే మొదలుపెట్టాలి, ఇష్టం తర్వాత వస్తుంది. అమెరికాలో పీటర్ లెవిన్‌సోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఈ దారి వేశారని, ఇప్పుడు ఇది పేరున్న చికిత్స పద్ధతేనని చెప్పారు. "కానీ పని ఎంత చిన్నదంటే, మీ అన్నిటికంటే చెడ్డ రోజున కూడా చెయ్యగలగాలి. అలాంటిది ఒక్కటి ఎంచుకోండి. రెండు వద్దు."

ముగ్గు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా గేటు ముందు అయిదారేళ్ళుగా పెయింటుతో వేయించిన ముగ్గే ఉంది, రోజూ వేసే పని లేకుండా. అది వెలిసిపోయి సగం పోయింది.

పనిని ఏ వేళకి కట్టాలో కూడా ఆవిడే చెప్పించారు. "పొద్దున్నే తప్పకుండా చేసే పని ఏది?" కాఫీ. నిద్ర లేకపోయినా, ఏడుస్తూ లేచినా కాఫీ మాత్రం పెడతాను. ఫిల్టర్‌లో పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడితే డికాక్షన్ దిగడానికి పది పదిహేను నిమిషాలు. అదివరకు ఆ పది నిమిషాలూ వంటింటి గట్టుకి ఆనుకుని ఫోన్ చూస్తూ ఉండేదాన్ని. ఇక నుంచి మూత పెట్టగానే చీపురు తీసుకుని వాకిట్లోకి. అంతే నియమం. చెడ్డ రోజయితే నాలుగు చుక్కలు పెట్టి చుట్టూ ఒక గీత చుడితే చాలు, అది కూడా ముగ్గు కిందే లెక్క.

2023 అక్టోబరు 16, సోమవారం. మొదటి రోజు. తోపుడుబండి మీద అమ్మే ముగ్గుపిండి ముందురోజే కొని డబ్బాలో పోసి పెట్టుకున్నాను. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, వంగాను. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చిటికెడు పిండి పట్టుకుని, నడిమివేలి ఆసరాతో మెల్లగా వదిలితే సన్నటి ధార పడాలి. ధార పడలేదు. ఒకచోట కుప్ప, ఒకచోట ఏమీ లేదు. పిండి ఎక్కువ పట్టుకున్నా అంతే, వేళ్ళు బిగిస్తే అంతే. అమ్మ చెప్పేది, "గీత మీద కాదు, ఎదుటి చుక్క మీద ఉంచు చూపు" అని. ఎదుటి చుక్క మీదే చూపు పెట్టాను. ఆ గీత కాస్త తిన్నగా వచ్చింది. అయిదు చుక్కలతో మొదలుపెట్టి, సందు చుక్కలతో మూడు వచ్చే దాకా, రెండు వైపులా. అంటే అయిదు, నాలుగు రెండుసార్లు, మూడు రెండుసార్లు. పంతొమ్మిది చుక్కలు. లెక్కల టీచరుని కదా, పెట్టేటప్పుడు లెక్కపెట్టుకుంటూ పెడతాను. పంతొమ్మిది లెక్కపెట్టేంతసేపూ బుర్రలో వేరే మాట లేదు. ఆ సంగతి లోపలికొచ్చి కాఫీ కలుపుకుంటుంటే తట్టింది. ఎన్నో వారాల తర్వాత ఒక నిమిషం పాటు నా బుర్ర ఊరుకుంది.

సంతోషం వచ్చిందని చెప్పను. రాలేదు. కానీ ఆరోజు జరిగిన వాటిల్లో నేను మొదలుపెట్టి పూర్తి చేసింది అదొక్కటే, అది వాకిట్లో అందరికీ కనపడుతూ ఉంది.

డాక్టరుగారు ఒక నోటుపుస్తకం పెట్టమన్నారు. రోజులో ఏ వేళ ఏం చేశాను, అప్పుడు మనసు పదికి ఎంత అని. మొదటి వారం పేజీలు చూస్తే ఒకటి, రెండు, రెండు, ఒకటి. ముగ్గు దగ్గర మూడు. స్కూల్లో స్టాఫ్ రూమ్‌లో భోజనం డబ్బాలు విప్పేటప్పుడు నాలుగు. రాత్రి మంచం మీద ఫోన్ చూస్తూ గడిపిన గంటన్నరకి ఒకటి. నా చేత్తో నేను రాసుకున్న అంకెలు అవి. ఫోన్ చూస్తే విశ్రాంతిగా ఉంటుందని అన్నాళ్ళూ అనుకున్నాను. అంకెలు వేరే చెప్పాయి. ఆ రాత్రి నుంచి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టి, పాత అలారం గడియారం మంచం పక్కకి తెచ్చుకున్నాను. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, అది సులువుగానే కుదిరింది.

ముగ్గు మాత్రం సులువుగా కుదరలేదు. నవంబరులో అమ్మ సంవత్సరీకం. ఆ వారం అయిదు రోజులు వెయ్యలేదు. ఆరో రోజు పుస్తకంలో ఆ ఖాళీలు చూసుకుని, ఇది కూడా గోదావరి గట్టు నడకలాగే అయిపోయిందని కూర్చుని ఏడ్చాను. డాక్టరుగారికి అదే చెప్పాను. ఆవిడ ఒక అధ్యయనం గురించి చెప్పారు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆవిడ బృందం 96 మందిని తలా ఒక చిన్న అలవాటు ఎంచుకోమని, పన్నెండు వారాలు గమనించారు. 2009లో ప్రచురించారు. అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యగతం 66 రోజులు. కొందరికి 18 రోజుల్లోనే కుదిరింది, పన్నెండు వారాల్లో కుదరని కొందరికి 254 దాకా పట్టవచ్చని లెక్క కట్టారు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు.

నేను పదో తరగతికి సాంఖ్యక శాస్త్రం చెప్పే మనిషిని. సగటు, మధ్యగతం, బాహుళకం అని బోర్డు మీద రాసి, ఒక్క అంకె చూసి మోసపోకండర్రా, వ్యాప్తి కూడా చూడండి అని ఏటా చెబుతాను. 18కీ 254కీ మధ్య ఎంత దూరం! మధ్యగతం 66 అంటే సగం మందికి అంతకంటే ఎక్కువే పట్టిందని అర్థం. 'ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు' అని అందరూ అనే మాట నమ్మి, ఇరవై రెండో రోజున నాలో ఏదో లోపం ఉందనుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో. నాకైతే ఫిబ్రవరి మొదటి వారం దాకా పట్టింది. అంటే నూటపది రోజులు. ఆరోజు కాఫీ తాగుతూ, ఇవాళ ముగ్గు వేశానా అని అనుమానం వచ్చి గుమ్మంలోకి వెళ్ళి చూశాను. వేసే ఉంది. చెయ్యాలా వద్దా అని నాలో నేను వాదించుకోకుండానే వేసేశానన్నమాట.

ముగ్గులో ఏముందని నాకు పనిచేసిందో చాలాసార్లు ఆలోచించాను. పొద్దుటి వెలుగు కళ్ళకి తగలడం ఒకటి. మెదడులో నిద్రనీ మెలకువనీ నడిపే గడియారం ఆ వెలుగుతోనే వేళ సరిచేసుకుంటుందట. నెల తిరిగేసరికి మూడింటికి వచ్చే మెలకువ నాలుగున్నరకి జరిగింది. మాత్ర కూడా అప్పటికి పనిచేస్తోంది కాబట్టి ఏది ఎంత అని నేను విడదియ్యలేను. మనుషులు రెండోది. పాలు పోసే అబ్బాయి "ఇవాళ పద్మం వేశారా అమ్మగారూ" అంటాడు. ఎదురింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి మెలికల ముగ్గు ఎక్కడ తప్పిందో చెబుతారు. పొద్దున్నే ఇద్దరు మనుషుల గొంతు వినడానికి నేను ఏ ప్రయత్నమూ చెయ్యనక్కర్లేదు, వాకిట్లో ఉంటే చాలు. మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, ముగ్గు సాయంత్రానికి చెరిగిపోవడం. బండ్ల టైర్లు తొక్కుతాయి, వానొస్తే కొట్టుకుపోతుంది. నిన్నటిది బాగా వచ్చిందా, వంకరగా వచ్చిందా అన్నది ఇవాళ్టికి మిగలదు. దిద్దని పేపర్లలా సంచిలో పేరుకుపోదు.

ధనుర్మాసంలో ఏడు చుక్కల నుంచి నాలుగు దాకా వెళ్ళాను. ముప్ఫై ఏడు చుక్కలు. సంక్రాంతికి మా అమ్మాయి వచ్చి గొబ్బెమ్మలు పెట్టి, "అమ్మా, అమ్మమ్మ చెయ్యి వచ్చేసింది నీకు" అంది. నేను లోపలికి వెళ్ళి కాసేపు ఏడ్చాను. పుస్తకంలో ఆ వేళకి ఏడు మార్కులు వేసుకున్నాను. ఏడుపుకి ఏడు వేసింది ఆ ఒక్కరోజే.

రెండో అలవాటు డిసెంబరులో మొదలుపెట్టాను, మొదటిది కాస్త నిలబడ్డాక. దిగులుకి ఒక వేళ పెట్టడం. అదేంటో వినడానికి విచిత్రంగా ఉంటుంది. 1983లో టామ్ బోర్కోవెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు వేసిన బాట అట. రోజంతా మనసులో తిరిగే ఆందోళనల్ని ఆపమంటే ఆగవు, కానీ వాయిదా వెయ్యమంటే చాలావరకు వింటాయి. సాయంత్రం అయిదున్నరకి పెరటి మెట్టు మీద కూర్చుంటాను, పావుగంట. అమ్మాయి హాస్టల్లో సరిగ్గా తింటోందా, అత్తయ్య మోకాలి ఆపరేషన్‌కి డబ్బులు, అమ్మని ఆఖరి నెలలో ఇంకోసారి చూడటానికి వెళ్ళి ఉండాల్సింది. వచ్చింది వచ్చినట్టు రాస్తాను. పక్కన ఒక గీత గీసి, రేపు నేను చెయ్యగలిగిన పని ఏదైనా ఉంటే రాస్తాను. లేకపోతే ఖాళీ వదిలేస్తాను. పగలు క్లాసులో ఏదైనా బుర్రలోకి వస్తే, 'అయిదున్నరకి' అని నాలో నేను అనుకుంటాను. సగం సంగతులు అయిదున్నర అయ్యేసరికి గుర్తే ఉండవు. అమ్మని చూడటానికి వెళ్ళలేదన్నది మాత్రం రోజూ గుర్తుండేది. దాని పక్కన రోజూ ఖాళీయే. ఆ ఖాళీని అన్ని రోజులు చూడగా చూడగా, అక్కడ రాయడానికి ఏమీ లేదని నాకు నిజంగా అర్థమైంది.

తెల్లవారుజామున మెలకువ వస్తే ఏం చెయ్యాలో కూడా నేర్చుకున్నాను. ఇరవై నిమిషాలు చూసి నిద్ర రాకపోతే మంచం దిగడం, హాల్లో మసక వెలుతురులో ఉతికిన బట్టలు మడతపెట్టడం, ఆవులింత వచ్చినప్పుడే మళ్ళీ మంచం ఎక్కడం. క్లాసులోకి వెళ్ళే ముందు వరండాలో నిలబడి నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులుతాను. నిమిషానికి ఆరు ఊపిర్లు. అలా అయిదారుసార్లు. ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడిని ఒకరోజు ఆపి, "ఆరోజు నా తప్పురా" అన్నాను. వాడికి ఏం చెయ్యాలో తెలియక "పర్లేదు టీచర్" అని పరిగెత్తాడు.

ఒక పొరపాటు కూడా చెప్పాలి, మీరు చెయ్యకుండా ఉండటానికి. మార్చిలో ఆ తొమ్మిది ప్రశ్నల్లో నా మార్కులు ఆరుకి దిగాయి. పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీలు, బాగానే ఉన్నాను కదా, అలవాట్లు ఉన్నాయి కదా అని మాత్ర నాకు నేనే ఆపేశాను. వారం తిరక్కుండా తల తిరగడం, ఒళ్ళు ఝల్లుమనడం, ఊరికే కళ్ళనీళ్ళు. ముగ్గు వేస్తూనే ఉన్నాను, చింతల పుస్తకం రాస్తూనే ఉన్నాను, అయినా మార్కులు మళ్ళీ పన్నెండుకి వెళ్ళాయి. డాక్టరుగారు కోప్పడలేదు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపినా నేను చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి అన్నారు. అలవాట్లు మాత్రకి బదులు కాదని నాకు అనుభవం మీద తెలిసింది. ముగ్గు వేసుకోండి, మందులెందుకు అని ఎవరికీ చెప్పను.

ఇంక మూడోది. రాత్రి ఎనిమిది.

మిగతా రోజంతా ఒక దారికి వచ్చాక కూడా ఆ వేళ అలాగే ఉండిపోయింది. చింతల పుస్తకంలో ఒకరోజు 'ఎనిమిదింటికి ఏం చెయ్యాలో తెలియడం లేదు' అని రాశాను. గీతకి అవతల ఎప్పుడూ ఖాళీగా వదిలే చోట ఆరోజు 'పిన్నికి ఫోన్' అని రాశాను. అమ్మ ఆఖరి చెల్లెలు. కోనసీమలో ఒక పల్లెలో ఉంటుంది, బాబాయి పోయి ఆరేళ్ళయింది, కొడుకు దుబాయ్‌లో. అమ్మ పోయాక నేను పిన్నికి సరిగ్గా ఫోన్ చెయ్యలేదు. గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంటుంది, అదే కారణం. ఆ గొంతు వినలేనని భయం.

మొదటి రోజు చేతులు వణికాయి. "పిన్నీ, ఏం కూర?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "పచ్చడి మెతుకులే అమ్మాయ్, ఒక్కదానికి కూరెందుకు" అంది. ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. రెండు నిమిషాలు కూడా కాలేదు. మర్నాడు మళ్ళీ ఎనిమిదింటికి చేశాను. ఇక్కడా నియమం చిన్నదే. కూర ఏంటని అడగాలి, అంతే. మిగతాది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. వారం రోజులకి పిన్ని అరటికాయ కూర చేసింది. "నువ్వడుగుతావని వండాను" అంది. నెల తిరిగేసరికి అమ్మ చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది, లంకలో వరదొచ్చినప్పుడు అమ్మ పిన్నిని చంకనేసుకుని పడవ ఎక్కిన సంగతి, ముగ్గులో చుక్క తప్పిందని తాతమ్మ చేతిలో అమ్మ తిన్న మొట్టికాయ. ఇరవై ఏళ్ళు రోజూ ఫోన్లో మాట్లాడి కూడా అమ్మ నాకు చెప్పని కబుర్లు అవి.

మొన్న స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఆలస్యమై, ఇంటికొచ్చి వంట చేస్తుంటే టైం చూసుకోలేదు. ఎనిమిదీ ఇరవైకి వంటింటి గట్టు మీద నా ఫోన్ మోగింది. చేతికి పిండి, స్పీకర్ నొక్కాను.

"ఏమే, ఎక్కడున్నావు? కంచంలో అన్నం పెట్టుకుని కూర్చున్నాను నేనిక్కడ. ఏం కూరో అడగవేం?"